మువ్వలరేవు నీళ్ళు

బండి ఇంకా రాలేదు. రాకపోతే పోనీ, వచ్చాక జరగాల్సింది ఎలాగూ జరుగుతుంది, కానీ ఈ బెంచీ మీద ఎంతసేపని కూర్చోవాలి, పక్కాయన అరటితొక్క నా చెప్పు పక్కనే పడేసి పేపరు అడ్డం పెట్టుకున్నాడు, ప్లాట్‌ఫారం కడిగేవాడు రబ్బరు గొట్టంతో ఆ తొక్కను నా వైపే తోస్తున్నాడు, ఇక్కడొక మనిషి కూర్చుని ఉందన్న ఇంగితం ఒక్కడికీ లేదు. ఆఫీసులో పర్మిషన్ పెట్టి పొద్దున్నే సికింద్రాబాద్ స్టేషన్‌కు వచ్చాను, అక్క కోసం. అక్క అంటే ఎమిలీ, నన్ను పెంచిన మనిషి, చర్చి వాళ్ళతో కలిసి సముద్రానికి వెళ్ళింది, బాప్తిస్మం తీసుకోవడానికి. పసిపిల్లగా ఉన్నప్పుడు నెత్తిన చిలకరించిన నీళ్ళు లెక్కలోకి రావట, నిలువునా మునిగి లేస్తేనే లెక్కట, ఈ వయసులో కొత్తగా తెలిసింది ఆవిడకు. షుగరు మనిషి, కుడికాలి మడమ మీద ఎంతకీ మానని పుండు, దాని మీద కట్టు, ఆ కట్టుతోనే నిన్న సముద్రంలో దిగి ఉంటుంది. ఏ రేవులో దిగితే మంచిదో చెప్పింది నేను. మువ్వలరేవు అని చెప్పాను. మువ్వలరేవు నీళ్ళల్లో ఏముందో ఈ రాష్ట్రం మొత్తం మీద నలుగురికి తెలుసు, ఆ నలుగురిలో నేనొకదాన్ని. అందుకని నాకేమీ గుండె దడదడలాడటం లేదు, బాగానే కూర్చున్నాను, టీ కూడా తాగాను, అందులో చక్కెర మరీ ఎక్కువ పోశాడు.

సికింద్రాబాద్‌లో సముద్రం ఎక్కడుందమ్మా అని సీతాఫల్‌మండిలో మా వీధివాళ్ళు నవ్వుతుంటారు, నేను చేసే పని చెబితే. ఉంది, మా సెక్షన్‌లోనే ఉంది, గుమ్మం పక్కన కుండ, కుండ పక్కన బీరువా, ఆ బీరువా పక్కన సముద్రం. కోస్తా కూడా ఈ రాష్ట్రంలోదే, రాజధాని ఇక్కడుంది గనుక సముద్రమైనా సరే ఇక్కడికే వచ్చి సంతకం పెట్టించుకుని పోవాలి. రేవుల పేర్లు వరసగా రాసి, ఎదురుగా గళ్ళు గీసి, ఏ వారం ఏ రేవు నీళ్ళల్లో ఎన్ని క్రిములున్నాయి, జనం అందులో స్నానం చెయ్యొచ్చా కూడదా అని నింపి ఢిల్లీకి పంపితే ఢిల్లీ నుంచి గ్రాంటు వస్తుంది, ఆ గ్రాంటుతో మళ్ళీ గళ్ళు గీస్తాం. మొదట్లో లూకా ఉండేవాడు, కోస్తాలోనే ఉండి రేవులన్నీ తిరిగేవాడు, మోకాలి లోతు నీళ్ళల్లో నిలబడి సీసాలు ముంచి ఐసుపెట్టెలో సర్ది రాత్రి బండికి వేసేవాడు, ఇదే బండి, ఇదే ప్లాట్‌ఫారం మీద నేనే వచ్చి దింపించుకునేదాన్ని, ఐసు కరిగి నా చీర అంచు తడిసేది, చేపల వాసన వేస్తున్నావే అని అక్క రాత్రి భోజనం దగ్గర ముక్కు మూసుకునేది. గ్రాంటులో జీపు కొన్నారు, కంప్యూటర్లు కొన్నారు, లూకా బస్సు ఛార్జీలకు మాత్రం పద్దు లేదన్నారు. పాపం అతను ఎన్నాళ్ళు ఓర్చుకుంటాడు, ఏదో రొయ్యల కంపెనీలో చేరిపోయాడు. సీసాలు ఆగిపోయాయి. గళ్ళు ఆగవు కదా. నిరుడు ఇదే వారానికి ఉన్న అంకె తీసుకుని, దానికి కాస్త కలిపో కాస్త తీసో ఈ వారం గడిలో వేస్తాం, దీన్ని మా సెక్షన్‌లో ఉప్పు చల్లడం అంటారు, కొత్తగా వచ్చిన గుమస్తాకు కూడా మొదటి రోజే నేర్పిస్తాం, మరీ గుప్పెడు వేయకూడదు, మరీ చప్పగానూ ఉండకూడదు. నా చేతి ఉప్పుకు మంచి పేరుంది. ఢిల్లీ వాళ్ళు ఒక్కసారి కూడా తిప్పి పంపలేదు.

మా సూపరింటెండెంటు భద్రయ్య మంచివాడు, కోపం తెలియని మనిషి, తమలపాకులు నమిలి నమిలి మాటలు కూడా మెత్తబడిపోయాయి. అన్ని రేవులూ బాగున్నాయని నేను రాసుకుపోయిన మొదటి ఏడు ఆయన నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. "ఏందమ్మా డోరమ్మా గిట్ల రాస్తివి? అన్నీ సాఫ్ ఉన్నయంటే ఇగ పైసలెందుకు అంటరు ఢిల్లోళ్ళు. అన్నీ ఖరాబున్నయంటే, గిన్నేండ్లు మీరేం జేసిన్రు అంటరు. ఒక్కటి ఖరాబున్నదని రాయి. ఒక్కటంటే ఒక్కటి. ఏడాదికొకటి, వంతుల లెక్క." అప్పటినుంచి వంతులు. ఊళ్ళో అమ్మవారికి ఏటా ఒక ఇంటి మేక వెళ్ళినట్టు ఏటా ఒక రేవు వెళుతుంది, దాని ఒడ్డున ఎర్రబోర్డు పాతుతారు, పేపర్లో చిన్న వార్త వేస్తారు, అక్కడి చేపలు ఆ యేడు సగం ధరకు పోతాయి, మరుసటి ఏడు బోర్డు పీకి పక్క రేవులో పాతుతారు. ఈ ఏడు నత్తలదిబ్బ వంతు. నత్తలదిబ్బ నీళ్ళు అద్దంలా ఉంటాయి, అక్కడ నాలుగు పాకలు తప్ప ఊరే లేదు, మురుగెక్కడినుంచి వస్తుంది, అయినా వంతు వంతే. మువ్వలరేవుకు మాత్రం వంతు రాదు. అక్కడ టూరిస్టు కాటేజీలు లేస్తున్నాయి, దాన్ని ఎప్పుడూ పైనే ఉంచమని పైనుంచి మాట వచ్చింది. లూకా ఆఖరి పెట్టెలో మువ్వలరేవు సీసా ఉంది, ల్యాబులో గొట్టాల్లో పోసి పెట్టారు, తెల్లారేసరికి ఒక్కటి మిగలకుండా పసుపు తిరిగి బుడగలు కక్కాయి, అంటే నీళ్ళ నిండా మురుగు క్రిములే. కాటేజీల దొడ్లన్నీ, పక్కనున్న రొయ్యల షెడ్ల కంపు నీళ్ళన్నీ ఒకే కాలవలో పడి ఆ రేవులోకే వస్తున్నాయి. ల్యాబు ఆయన నాకు చూపించాడు, నేను భద్రయ్యకు చూపించాను, భద్రయ్య పైఆఫీసరుకు చూపించాడు, నలుగురం చూశాక గొట్టాలు కడిగేశారు. నేను ఉప్పు చల్లాను. మొదటి స్థానం, మువ్వలరేవు, స్నానానికి అత్యుత్తమం.

అదిగో గొట్టంవాడు నీళ్ళు కట్టేసి బీడీ ముట్టించాడు, తొక్క ఇంకా నా కాళ్ళ దగ్గరే ఉంది. ఎదురుగా కుళాయి దగ్గర జనం సీసాలు నింపుకుంటున్నారు, ఒక తల్లి పిల్ల మూతికి దోసిలి పట్టింది, కుళాయి మీద మంచినీళ్ళు అని రాసుంది గనుక అవి మంచి నీళ్ళే, ఎవరు రాశారు, ఏం చూసి రాశారు, ఆ తల్లికి అక్కర్లేదు. రాసినదాన్ని నమ్మేవాళ్ళంటే నాకు జాలి లేదు. నమ్మితే నమ్మారు, నన్నడిగి నమ్మారా. మా అక్క మాత్రం రాసినదాన్ని నమ్మదు, చెప్పినదాన్ని నమ్మదు, తూకం వేసి, తిరగేసి, వాసన చూసి నమ్ముతుంది, మార్కెట్టులో వంకాయ తొడిమ గిల్లి చూస్తుంది, ఇన్నేళ్ళూ నా మొహం కూడా అలాగే గిల్లి చూసింది, అబద్ధమాడితే తొడిమ దగ్గరే తెలిసిపోతుందే నీది అనేది. అమ్మ పోయినప్పుడు నేను ఇంకా పలక పట్టుకుని తిరిగేదాన్ని. అక్క మిషన్ బడిలో టీచరు, నాకు జడ వేసింది, అన్నం పెట్టింది, ఫీజు కట్టింది, తను పెళ్ళి మానుకుంది, ఏదీ దాచుకోలేదు, ఏదీ మర్చిపోనివ్వలేదు. అబద్ధం మాత్రం ఆడదు. ఒక్కటి కూడా. ఎదుటివాడు చచ్చిపోతాడన్నా ఆడదు. నిజం నిష్ఠూరం అంటారు గానీ మా ఇంట్లో నిజం నిష్ఠూరం కాదు, అట్లకాడ, పొయ్యి మీద కాల్చి పెట్టి ఉంచుతుంది ఎప్పుడూ.

అల్వాల్ సంబంధం వచ్చిన రోజున కూడా అంతే. రిచర్డ్ అని, రైల్వేలోనే గుమస్తా, ఈ స్టేషన్‌లోనే ఎక్కడో ఆ గదుల్లో కూర్చునేవాడు, ఇప్పుడు రిటైరై ఉంటాడు, బట్టతల వచ్చి ఉంటుంది, రావాలి. వాళ్ళమ్మ నా పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది, చల్లగా ఉందమ్మా నీ చెయ్యి అంది, ఆ మాట నాకిప్పటికీ నచ్చుతుంది. కాఫీలు ఇచ్చాను. అతను ఒక గుక్క తాగి నా వైపు చూసి నవ్వబోతున్నాడు, అప్పుడు అక్క గొంతు సవరించుకుంది. "మా డోరాకు చిన్నతనంలో మూర్ఛలు వచ్చేవండీ. పెద్దదయ్యాక ఎప్పుడూ రాలేదు. కానీ చెప్పకుండా ఇవ్వడం పాపం కదా." అతను ఆ నవ్వు పూర్తి చెయ్యలేదు. కాఫీ కూడా. వాళ్ళు వెళ్ళాక అక్క ఆ కప్పులు తనే కడిగింది, అబద్ధం మీద కాపురం కడితే వానకు కూలుతుందే పిచ్చిదానా, అడుసు తొక్కనేల కాలు కడగనేల అంది, కన్నీళ్ళతోనే అంది, అదీ నా కోపం, ఏడుస్తూ చేస్తుంది ఏం చేసినా. తర్వాత వచ్చిన సంబంధాలకు కూడా చెప్పింది. తర్వాత చెప్పడానికి ఎవరూ రాలేదు. నాకు మూర్ఛలు వచ్చేవని మా చర్చిలో పిల్లలక్కూడా తెలుసు, ప్రార్థన మనవుల్లో నా పేరు ఏళ్ళ తరబడి ఉంది, ఎప్పుడో ఆగిపోయిన జబ్బుకు ఇన్నేళ్ళు ప్రార్థన చేయించుకున్న మనిషి నేనొక్కదాన్నే అయ్యుంటాను.

పర్మిషన్ అయిపోవస్తోంది. మైకులో ఆడగొంతు మూడు భాషల్లో ఆలస్యానికి విచారిస్తోంది, ఆ గొంతులో విచారమేమీ లేదు, మా రిపోర్టులు ఆవిడ చదివితే బాగుంటుంది. జకర్యా పాస్టరుగారు మా ఇంటికొచ్చిన సాయంత్రం కూడా ఇలాగే గొంతులో విచారం తెచ్చుకుని మొదలుపెట్టారు. ఏటా మా చర్చి వాళ్ళు బాప్తిస్మాలకు నత్తలదిబ్బకే వెళతారు, అక్కడ ఆయన చిన్నాన్న సంఘం ఉంది. "సిస్టర్ డోరా గారూ, నత్తలదిబ్బ నీళ్ళు పాడయ్యాయని పేపర్లో వేశారు, బోర్డు కూడా పెట్టారంట. ఈసారి పిల్లలు కూడా ఉన్నారు. ఆ శాఖలో ఉన్నది మీరే కదా, ఏ రేవైతే మంచిదో మీరే చెప్పాలి." చెప్పేదాన్నే. నత్తలదిబ్బకే వెళ్ళండి పాస్టరుగారూ, ఆ బోర్డు ఉత్త బోర్డు, వంతుకు పాతింది అని చెప్పేదాన్నే, నోటి చివరిదాకా వచ్చింది, చెబితే ఎందుకు పాతారని అడుగుతారు, అది వేరే సంగతి, అయినా ఏదో ఒకటి చెప్పి నెట్టుకొచ్చేదాన్ని. ఈలోగా అక్క బిస్కెట్ల పళ్ళెం ఆయన ముందు పెట్టి, నా తల మీద చెయ్యి వేసి అంది. "దీనికి మిగతా విషయాల్లో నిలకడ లేదండీ, చిన్నప్పటి ఆ మూర్ఛల వల్ల బుర్ర కాస్త మెత్తబడింది. నీళ్ళ సంగతి మాత్రం బాగా తెలుసు, అబద్ధం చెప్పదు." పాస్టరుగారు నా వైపు ప్రేమగా చూశారు. ఆ ప్రేమ చూశాక నేను చెప్పాను, మువ్వలరేవు అన్నాను, మా రిపోర్టులో ఏటా మొదటిది అదేనండీ అన్నాను, ఉన్నమాటే, రిపోర్టులో మొదటిది అదే. పుండుకేమైనా ఇబ్బందా అని అక్క అడిగింది. ఉప్పునీళ్ళు పుండుకు మంచివే అన్నాను. అప్పుడు అక్క నా మొహం కేసి చాలాసేపు చూసింది, తొడిమ గిల్లే చూపు. నేను కళ్ళు దించలేదు. పోనీలే వయసైపోయింది, కంటిచూపు మందగించింది, తొడిమ కనబడలేదు అనుకున్నాను.

ఆ తర్వాత రోజులున్నాయి. చెప్పడానికి బోలెడంత సమయం ఉంది. తెల్లచీర ఇస్త్రీ చేసిస్తున్నప్పుడు చెప్పొచ్చు, మాత్రలు సర్దుతున్నప్పుడు చెప్పొచ్చు. ప్రయాణం రోజు సాయంత్రం నేనే కట్టు విప్పి పుండు కడిగాను, ఎర్రగా, లోతుగా, దానిమ్మ పగిలినట్టు ఉంది, మందు రాసి కొత్త గాజుగుడ్డ చుట్టాను, నా చేతులు చాలా మెత్తగా పనిచేశాయి, అక్క కళ్ళు మూసుకుని హాయిగా ఉందే అంది. అప్పుడు చెప్పాలనిపించింది, ఒట్టు, గొంతులోకి వచ్చింది. అక్క కళ్ళు మూసుకునే అంది, మధ్యాహ్నం అన్నం మళ్ళీ మెత్తగా వండావు, ఇన్నేళ్ళొచ్చినా ఎసరు తెలీదు నీకు. నేను ముడి వేసి లేచాను. పోనీ, ఎసరు తెలియనిదానికి సముద్రం గురించి ఏం తెలుస్తుంది. బండి ఎక్కించడానికి ఇక్కడికే వచ్చాను, కిటికీ పక్కన కూర్చోబెట్టాను, కదిలేముందు అక్క నా వేలు పట్టుకుంది కిటికీ ఊచల్లోంచి. "ఏమైనా చెప్పాలా డోరా?" అంది. "ఏముంటాయి, మాత్రలు వేసుకో" అన్నాను. ఫోను దగ్గర పెట్టుకుంటాలే అంది. ఫోను ఎందుకూ, నేనెప్పుడు చేశాను గనక.

మోగింది. నా సంచిలో నా ఫోనే. భద్రయ్య. "డోరమ్మా, యాడున్నవు? రిపోర్టు ఇయ్యాల పోవాలె, జెర జల్దీ రా. అంతా ఐపోయింది, ఆఖరు గడి ఒక్కటి ఖాళీ ఉన్నది. నిల్ అని గొట్టెయ్యనా?" ఆఖరు గడి అంటే మువ్వలరేవు వరసలో ఆఖరుది, ఈ నీటి వల్ల జబ్బుపడినవారు ఎందరు అన్న గడి. దాంట్లో ఎప్పుడూ ఉప్పు చల్లాల్సిన పనే పడదు, ఎందుకంటే ఎవరూ అడగరు, ఏ ఆసుపత్రీ మాకు రాయదు, అన్ని రేవులకూ ఎప్పుడూ నిల్. "ఉండండి సార్, నేనొచ్చి వేస్తాను" అన్నాను. ఎందుకన్నానో తెలీదు. "గంతేనా? సరే, నీ చేత్తోనే వెయ్యి, నీ చెయ్యి మంచిది" అని నవ్వాడు. కొత్తగా ఈ ఏడు ఢిల్లీ వాళ్ళొక షరతు పెట్టారు, ఏ ఆసుపత్రిలోనైనా సముద్ర స్నానం వల్ల అని కేసు రాస్తే ఆ కాగితం నేరుగా వాళ్ళకు వెళుతుంది, వాళ్ళు మనిషిని పంపుతారు, అంకెలు వేసింది ఎవరని అడుగుతారు. అంకెల కింద ఉన్న సంతకం భద్రయ్యది కాదు, పైఆఫీసరుది కాదు. తయారుచేసినవారు, డోరా. ఇంకొద్ది రోజుల్లో రిటైరయ్యే డోరా, పింఛను తప్ప వెనక ఏమీ లేని డోరా.

బండి వచ్చింది. ఒక్కసారిగా జనం, కూలీలు, మూటలు, తప్పుకో తప్పుకో అని అరుపులు. పెట్టె వెతుక్కుంటూ నడిచాను, దిగుతున్న చర్చి పిల్లల్ని చూశాను, గలగలమంటున్నారు, బాగానే ఉన్నారు, వాళ్ళ వెనక పాస్టరుగారు, ఆయన భుజం పట్టుకుని అక్క. కుడికాలికి చెప్పు లేదు. కట్టు కింద పాదం ఎవరో వేరే మనిషిదిలా ఉంది, వేళ్ళు కనబడటం లేదు, కట్టు పైన పిక్క మీద ఊదారంగు పాకుతోంది, అందులో నల్లటి పొక్కు ఒకటి. చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది. అక్క ఎడంచేతిలో సెల్‌ఫోను ఉంది, గుప్పిట్లో బిగించి పట్టుకుంది, తీసుకోబోతే ఇవ్వలేదు.

"వందనాలు సిస్టర్" అన్నారు పాస్టరుగారు, ఆయన మొహం వెలిగిపోతోంది, నిద్రలేకపోయినా. "మీ అక్కగారి విశ్వాసం చూడాలండీ. అక్కడ చేపలమ్మే ఆడవాళ్ళు అడ్డం పడ్డారు, ఈ నీళ్ళల్లో మేమే కాళ్ళు పెట్టం, కాలవ కంపు ఇక్కడే కలుస్తుంది, మీరెలా దిగుతారు అన్నారు. నేను వెనక్కి తిరుగుదామన్నాను. అప్పుడు అక్కగారు, మా చెల్లెలు స్వయంగా వచ్చి ఈ నీళ్ళు పరీక్ష చేసింది, పక్కన నేనే ఉన్నాను, కళ్ళారా చూశాను అన్నారు. అందరికంటే ముందు తనే దిగారు. లేచాక మాత్రం, లోపల ఇసుక జారుతోంది, సుడి ఉంది, పిల్లలతో వద్దు అన్నారు. మిగతావాళ్ళకు ఊళ్ళో చెరువులో ఇప్పించాం. ఎంత ముందుచూపండీ." నేను తలూపాను. నేనెప్పుడూ మువ్వలరేవు చూడలేదు. అక్క ఎప్పుడూ సికింద్రాబాద్ దాటి నాతో ఎక్కడికీ రాలేదు. పాస్టరుగారు ఆసుపత్రికి తోడు రానా అన్నారు, అక్క వద్దంది, చెల్లెలు ఉందిగా అంది.

మెల్లగా నడిపించాను. కుళాయి దాటాం, నా బెంచీ దాటాం, అరటితొక్క అక్కడే ఉంది, అక్క దాన్ని చూసి పాదం ఎత్తి పక్కకు వేసింది, ఆ ఒక్క అడుగుకే చెమటలు పట్టాయి ఆవిడకు. అబద్ధం ఆడింది. మా అక్క అబద్ధం ఆడింది, అదీ రెండు, ఒకటి నాకోసం, ఒకటి పిల్లలకోసం, నా పెళ్ళికి ఆడనిది, నా ఒక్కగానొక్క కాఫీ కప్పుకు ఆడనిది, ఆ దిక్కుమాలిన రేవులో సముద్రం ముందు నిలబడి ఆడింది. నాకు కృతజ్ఞత రాలేదు. కోపం వచ్చింది, ఇంత తేలిగ్గా ఆడగలిగినదానివి అప్పుడెందుకు ఆడలేదే అని భుజాలు పట్టుకుని ఊపేయాలనిపించింది, ఆ భుజం నా భుజం మీద వాలి ఉంది, నిప్పులా ఉంది. మెట్ల దగ్గర ఆగాం.

"ఎందుకు దిగావు?" అన్నాను. "వాళ్ళు చెప్పారు కదా."

"వాళ్ళు చెప్పేదేముంది. నువ్వు చెప్పిన రోజే తెలుసు నాకు. నీ మొహం తెలీదా." అక్క ఊపిరి అందక ఆగి మళ్ళీ అంది. "చెప్తావేమోనని చూశాను. కట్టు కట్టేటప్పుడు చూశాను. బండి కదిలేటప్పుడు అడిగాను. నీళ్ళల్లోకి దిగేదాకా ఫోను చేతిలోనే పట్టుకున్నాను డోరా. దిగేటప్పుడు పాస్టరుగారి భార్యకిచ్చి, మోగితే కేకెయ్యమన్నాను."

ఆ సమయానికి ఏం చేస్తున్నాను, నిన్న, ఇంట్లో, ఒంటరిగా, అన్నం వండుకున్నాను, పలుకు పలుకుగా వచ్చింది, చాలా బాగా వచ్చింది, అక్క ఉంటే చూపించేదాన్ని అనుకున్నాను.

"అంతమందిలో నా చెల్లెలు అబద్ధాలకోరని తేలనిస్తానా" అంది అక్క. "రెండు ఆడాను. దేవుడి ముందు ఆడాను, బాప్తిస్మంలో నిలబడి. మూడోది నా వల్ల కాదు. డాక్టరు ఏ నీళ్ళల్లో దిగావమ్మా అని అడిగితే ఉన్నదే చెప్తాను. అది నీకు ముందే చెప్పాలని."

అడుగుతాడు. మొదట అదే అడుగుతాడు, ఇలాంటి పొక్కు చూస్తే ఎవడైనా అదే అడుగుతాడు, సముద్రం అని రాస్తాడు, మువ్వలరేవు అని రాస్తాడు, ఆ కాగితం నేరుగా వెళుతుంది. అడక్కపోతే మందు వేయలేడు. ఈ పొక్కు సంగతి మా ల్యాబు ఆయన ఒకసారి చెప్పాడు, ఆ నీళ్ళ క్రిమి షుగరువాళ్ళ పుండులో పడితే కాలు తీయాల్సి వస్తుంది, ఆలస్యమైతే కాలు తీసినా ఆగదు అన్నాడు, టీ తాగుతూ చెప్పాడు, నేను బిస్కెట్ ముంచుకుంటూ విన్నాను. ఈ పూట తీసుకెళితే బతుకుతుంది. సాయంత్రానికి ఏమో. రిపోర్టు పోయేదాకా, ఆ గడి నింపేదాకా ఇంట్లో పడుకోబెడితే, జ్వరం మాత్ర ఇస్తే, సాయంత్రం వచ్చి తీసుకెళితే, పుండు ముదిరింది డాక్టరుగారూ అంటే, అప్పటికి అక్క మాట్లాడే స్థితిలో ఉంటుందో ఉండదో. ఇది నేను అనుకున్నాను. ఎవరో నా చెవిలో చెప్పలేదు, మెట్లు దిగుతూ, అక్క నడుం పట్టుకుని, జాగ్రత్తక్కా మెట్టు అంటూ నేనే అనుకున్నాను.

ఆటో ముందుకొచ్చి ఆగింది. డ్రైవరు అక్క కాలు చూసి దిగొచ్చాడు, తనే సాయం పట్టి ఎక్కించాడు, సీటు మీద కాలు చాపించాడు. "అయ్యో పెద్దమ్మా, కాలు గింత వాసిందేంది! దవాఖానకే కదమ్మా? పది నిమిషాల్ల పోనిస్త."

అక్క నా వైపు తిరిగింది. ఫోను ఇంకా గుప్పిట్లోనే ఉంది, నా మొహం కేసి చూస్తోంది, ఆ పాత చూపు కాదు, గిల్లే చూపు కాదు, నేను బడికి పోయేటప్పుడు పలక పట్టుకుని పాఠం అప్పగిస్తుంటే తడుముకున్నచోట ఆగి, చెప్తుందిలే అని ఎదురుచూసేది కదా, అది. వెనక ఇంకో ఆటో హారను కొట్టింది. డ్రైవరు హ్యాండిలు మీద చెయ్యి వేసి వెనక్కి చూశాడు.

"సీతాఫల్‌మండి" అన్నాను. "ఇంటికే. లోపలి రోడ్డున పోనియ్, మెల్లగా. మా అక్కకు కుదుపులు పడవు."

అక్క ఫోను సంచిలో పెట్టేసుకుంది.